ప్రశ్న పలుకులో, బదులు మీటలో

వైనతేయ గోదావరి సముద్రంలో లీనమయ్యే మా ఓడలరేవులో నా పూర్వవిద్యార్థి ఒకడు హామ్ రేడియో నడుపుతున్నాడు. తెలుగు పండితునికి ఆ విద్యతో పనేమిటని పాఠకమిత్రులు అడుగవచ్చు. మోర్సు చుక్కలూ గీతలూ వింటే నాకు లఘుగురువులే స్ఫురిస్తాయి. గురువు లఘువుకు రెట్టింపు. గీత చుక్కకు మూడింతలు. భేదం అంతే!

ఒక పోటీ నాటి రాత్రి దూరదేశపు కేంద్రమొకటి నోటిమాటతో పిలుస్తున్నది. మావాడికి స్పష్టంగా వినబడుతున్నది గాని, వీడి చిన్న యంత్రపు పలుకు అక్కడికి చేరడం లేదు. చివరకు మైకు పక్కన పెట్టి, అదే తరంగంమీద మోర్సు మీటతో బదులిచ్చాడు. అవతలివారు గ్రహించి, నోటితోనే తమ వరుససంఖ్య చెప్పారు. వీడు మీటతో తనది చెప్పాడు. ఇరువురికీ సర్వమూ అందింది. అయినా ఆ సంపర్కం లెక్కకు రాలేదు. ఇటువంటి మిశ్రమ సంపర్కాలు చెల్లవని నియమావళిలో ముందే ఉన్నది. "విషయం అందింది కదండీ మాస్టారూ, మరి సంభాషణ కానట్టెలాగండీ?" అని అడిగాడు.

మీట గెలవడానికి కారణమున్నది. మాటకు సుమారు 2,500 హెర్ట్జ్‌ల వెడల్పు కావాలి. మోర్సుకు 200 లోపే చాలు. ఉన్న కొద్దిశక్తీ ఇరుకుదారిలో కేంద్రీకృతమై రొదను చీల్చుకుని పోతుంది.

నియమమూ నిర్హేతుకం కాదు. పెక్కు పోటీలలో ఒకే కేంద్రాన్ని మాటతో ఒకసారి, మోర్సుతో ఒకసారి కలిసి వేర్వేరుగా అంకాలు పొందవచ్చు. మిశ్రమాన్ని అనుమతిస్తే దానిని ఏ పద్దులో వేయాలి? కూర్చున్న చోటనే రెండింతలు సంపాదించుకునేవారు బయలుదేరరా? కనుక పెద్ద పోటీలలో ఆ కట్టుబాటు ఉండవలసినదే.

అయితే సంస్కృత నాటకంలో దుష్యంతుడు సంస్కృతంలో అడిగితే శకుంతల ప్రాకృతంలో బదులు పలుకుతుంది. ఆ సంభాషణ చెల్లదని ఏ లాక్షణికుడూ అనలేదు! వినేవానికి రెండూ తెలిసి ఉండడమే అక్కడి నియమం.

మాకిది వినోదమాత్రం కాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన సంగతి మరచిపోగలమా? 2004 డిసెంబరులో హామ్ కార్యక్రమానికై అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం, 26వ తేదీన సునామీ రాగానే, ఆ యంత్రాలతోనే ఆపన్నుల వార్తలు చేరవేసింది. వేడుకకు తెచ్చిన సాధనం ఆపదకు అక్కరకు వచ్చింది. ఆపదలో బ్యాటరీ క్షీణిస్తున్నవాడు మీట కొడితే, వినేవాడు "మాటలోనే చెప్పు" అనగలడా?

2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం మోర్సు పరీక్షను ఆయా దేశాల ఇష్టానికి విడిచింది. నాటినుండి మోర్సు రాని హాములు పెరిగారు. వారికి కనీసం చెవి అలవడాలి.

అందుచేత నా మనవి ఇది. మన దేశంలో మనమే జరుపుకునే చిన్న పోటీలలో, విపత్తు అభ్యాసాలలో మిశ్రమ సంపర్కాలకు ప్రత్యేకమైన పద్దు పెట్టండి. ఒక్కొక్క బ్యాండుపై ఏ ఇద్దరి మధ్యనైనా ఒక్కమారే లెక్కించండి. అక్రమానికి తావుండదు, అభ్యాసానికి లోటుండదు.

మావాడికి నేనిచ్చిన సమాధానం ఒక్కటే: "అంకం రాలేదు నాయనా, విద్య వచ్చింది. సముద్రం పొంగిననాడు అక్కరకు వచ్చేది అదే." మరి మీరేమంటారు?