గులాబీ ఆకుల్లో గుండ్రటి కోతలు

మన హాస్టల్ ముందు గులాబీ మొక్కల ఆకులు మీరూ చూసే ఉంటారు. అంచుల్లో ఎవరో పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి కోతలు. మొన్న సెప్టెంబర్లో తోటమాలి అన్న "పురుగు పట్టింది" అని మందు కొట్టేశాడు. నేనూ నిజమే అనుకున్నా.

ఆ వారమే మా గదిలో, కర్టెన్ రాడ్డు పీకేసిన గోడ కన్నంలో ఆకుపచ్చ చుట్ట ఒకటి కనబడింది. మా రూమ్మేట్ కాంపస్ మొనతో బయటికి లాగాడు. విప్పితే ఒకదానిమీద ఒకటి అతికించిన ఆకుముక్కలు, లోపల పచ్చటి పుప్పొడి ముద్ద, దానిమీద తెల్లటి పిల్లపురుగు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఎవరి ఇల్లో పీకేశామని మాత్రం అర్థమైంది.

అది ఆకు కత్తిరించే తేనెటీగ. దానికి తేనెపట్టు లేదు, రాణి లేదు, కూలీలు లేరు. అమ్మ ఒక్కతే అన్నీ చేసుకోవాలి. ఆకుని తినదు, కోసుకుపోతుంది. ఒక్క ముక్కకి పది సెకన్లు కూడా పట్టదు. ఒక్కో గదికి పది పదిహేను ముక్కలు: గోడలకు కోలవి, మూతకు గుండ్రటివి. పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టి, మూసేసి, దాని ముందు ఇంకో గది మొదలెడుతుంది. లోపలి గదుల్లో ఆడపిల్లలు, వాకిలి వైపు మగపిల్లలు. ఆఖర్న పెట్టినవే ముందు బయటికొస్తాయి. సీఎస్ఈ వాళ్లూ, ఇది మీ స్టాకే కదా!

ఇప్పుడు అసలు విషయం. గ్రీన్ క్లబ్ వాళ్లు క్యాంపస్‌కి తేనెటీగల పెట్టెలు తెప్పిస్తామంటున్నారు. తెప్పించండి, తేనె నాకూ ఇష్టమే. కానీ దానితో "తేనెటీగల్ని కాపాడేశాం" అంటే మాత్రం నేను ఒప్పుకోను. పెట్టెలో ఈగలకు పెంచే మనిషి ఉంటాడు. గోడ కన్నంలో దానికి ఎవరున్నారు?

పైగా పెట్టె ఈగలు సరిగ్గా చెయ్యని పనులున్నాయి. పశువులకు వేసే లూసర్న్ పువ్వుని నొక్కితే లోపలి కాడ స్ప్రింగులా లేచి ఈగని కొడుతుంది. మామూలు తేనెటీగ ఆ దెబ్బ తప్పించుకోడానికి పక్కనుంచి మకరందం తాగి పోతుంది. ఆకు కత్తిరించేది దెబ్బ తిని మరీ పని చేస్తుంది. అందుకే కెనడాలో లూసర్న్ విత్తనం పండించేవాళ్లు కన్నాలు చేసిన థర్మోకోల్ దిమ్మెలు పెట్టి మరీ వీటిని పెంచుతారు. ఇది పుప్పొడిని కాళ్లకు ముద్దలా అంటించుకోదు, పొట్ట కింద వెంట్రుకల్లో పొడిగా మోస్తుంది. అది పువ్వు పువ్వుకీ రాలుతుంది.

మాది తాండూరు వైపు, కంది మా పంట. కంది పువ్వు మీద వాలేవాటిలో ఈ జాతి ఈగలు ముఖ్యమైనవి. నిజం చెప్పాలంటే మామూలు కందికి ఇవి రాకున్నా కాయ పడుతుంది, దాని పుప్పొడి దానికే సరిపోతుంది. కానీ పటాన్‌చెరు ఇక్రిశాట్ చేసిన హైబ్రిడ్ కందుల కథ వేరు. 1991లో మొదటిది విడుదలైంది. ఆ విత్తనం తయారయ్యే పొలంలో ఆడ వరసల మొక్కలకు సొంత పుప్పొడి ఉండదు. ఈగ మోసుకొస్తేనే కాయ.

దసరా సెలవుల్లో ఇదంతా నాయినకు చెప్పా. "పూతప్పుడు మందు కొట్టకుంటే పురుగు మిగుల్తది, నీ ఫీజెట్ల కట్టాలె బిడ్డా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పొద్దుగూకినంక, ఈగలు తిరగనప్పుడు కొట్టమన్నా. "సూద్దాం" అన్నాడు.

గులాబీలకు ఆ సాకు కూడా లేదు. ఆకు తినని జీవికి ఆకుమీద మందేంటి? కొన్ని ఆకులు పోతే పోనీయండి, ఎండిన బోలు కాడలు కొన్ని అలాగే వదిలేయండి. తోటమాలి అన్నకి నేను ఆకులు చూపించి చెప్పా: అంచు నుంచి నున్నగా కోస్తే ఈగ, మధ్యలో చిందరవందరగా కొరికితే పురుగు.

మా గోడకి ఇంకో కన్నం ఉంది. మెయింటెనెన్స్ వాళ్లు సిమెంటు పూడ్చడానికొస్తే నెల రోజులు ఆగమన్నాం. నిన్నటికి దానికి ఆకుపచ్చ మూత పడింది.