ఒకే ఏడాది... నాలుగు ఆణిముత్యాలు

సంగీతం నేర్చుకునే పిల్లలకు సరళీ స్వరాలున్నాయి. మరి జాజ్ వినాలనుకునే పెద్దలకు? అక్కడే వస్తుంది చిక్కు. వందేళ్లు దాటిన సంగీతం, వేల రికార్డులు. పేరున్న కళాకారుడు ఒక్కొక్కరూ యాభై అరవై ఆల్బమ్‌లు చేసి ఉంటారు. ఏదో ఒకటి పెట్టుకుని, అర్థంకాక, ‘ఇది మనకు పడదులే’ అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

అందుకో సులువైన దారి ఉంది. ఒక్క ఏడాదిని పట్టుకోవడం! అది 1959. ఆ ఏడాది అమెరికాలో రికార్డయిన నాలుగు ఆల్బమ్‌లు ఇంట్లో ఉంటే జాజ్‌కి నాలుగు వాకిళ్లు తెరుచుకున్నట్టే. వాటిలో మూడు న్యూయార్క్‌లో ఒకే చోట పుట్టాయి. 30వ వీధిలోని ఓ పాత చర్చిని కొలంబియా కంపెనీ స్టూడియోగా మార్చుకుంది. ఎత్తయిన కప్పు, చెక్క నేల. అక్కడ మోగిన ప్రతి స్వరానికీ ఓ నిండుదనం వచ్చేది. ఇప్పుడా భవనం లేదు, రికార్డులే మిగిలాయి.

మొదటి మెట్టు

మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’తో మొదలుపెట్టడం మేలు. మార్చి 2, ఏప్రిల్ 22... రెండే రోజుల్లో పూర్తయిన ఆల్బమ్ ఇది. అప్పటిదాకా జాజ్‌లో పియానో మెట్లు క్షణక్షణానికీ మారిపోయేవి, వాద్యకారుడు వాటి వెంట పరుగెత్తాలి. మైల్స్ ఆ పరుగు ఆపించాడు. ఒక స్వరశ్రేణిని ఎంచుకుని, చాలాసేపు అందులోనే విహరించమన్నాడు. ఒక రాగాన్ని పట్టుకుని ఆలాపన చేసే పద్ధతికి అలవాటుపడిన మన చెవులకు ఇది కొత్తగా ఉండదు. మొదటి పాట ‘సో వాట్’లో బాస్ వాద్యం ఏదో అడుగుతుంది, మిగిలినవి రెండే స్వరాల్లో జవాబిస్తాయి. ఆ మాటామంతీ పట్టుకుంటే చాలు, మిగతాది అదే తీసుకెళుతుంది. అమెరికాలోనే 50 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైన ఆల్బమ్ ఇది.

పాత ఎల్‌పీలు సేకరించేవాళ్లకు ఓ సంగతి. మార్చి నాటి రికార్డింగులో ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో మొదటి వైపు పాటలు మూడూ డిస్కు మీద రవ్వంత హెచ్చు శ్రుతిలో వినిపించేవి. 1992లో వచ్చిన ముద్రణలో దాన్ని సరిచేశారు.

ఇంత ప్రశాంతమైన సంగీతం మార్కెట్లోకొచ్చింది ఆగస్టు 17న. సరిగ్గా 8 రోజులకి, తాను కచేరీ చేస్తున్న బర్డ్‌లాండ్ క్లబ్బు ముందు మైల్స్ నిలబడి ఉన్నాడు. అక్కణ్నుంచి కదలమన్నాడో పోలీసు. ‘నేనిక్కడే పనిచేస్తున్నా’నంటూ బోర్డు మీద తన పేరు చూపించాడు మైల్స్. జవాబుగా పడినవి తలమీద దెబ్బలు. రక్తం కారుతుండగానే స్టేషన్‌కు తీసుకెళ్లారు. తరవాత కేసు కొట్టేశారు. బోర్డు మీద పేరున్నా ఆ బోర్డు కింద నిలబడే హక్కు లేని రోజులవి. ఈ నాలుగు ఆల్బమ్‌ల వెనకా ఆ నీడ ఉంది.

తకిట తక... తకిట తక!

పిల్లలకు కూడా వెంటనే నచ్చేది డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’. పశ్చిమ సంగీతంలో నాలుగు దెబ్బల నడకే ఎక్కువ. ఇందులోని ‘టేక్ ఫైవ్’ అయిదు దెబ్బలది. తకిట తక అనుకుంటూ తాళం వేసి చూడండి, అతుక్కుపోతుంది. ‘బ్లూ రోండో’ నడక తక తక తక తకిట. 1958లో బ్రూబెక్ బృందం అమెరికా ప్రభుత్వం తరఫున మనదేశంతో సహా చాలా దేశాలు తిరిగింది. ఆ తొమ్మిది దెబ్బల లయను ఆయన విన్నది టర్కీ వీధుల్లో.

బ్రూబెక్ తెల్లవాడు. ఆయన బృందంలో బాస్ వాయించే యూజీన్ రైట్ నల్లజాతివాడు. 1960లో అమెరికా దక్షిణాది కాలేజీల్లో కచేరీలు ఖాయమయ్యాక, రైట్‌ను మార్చమని నిర్వాహకులు కోరారు. బ్రూబెక్ ఒప్పుకోలేదు. 20కి పైగా కచేరీలు పోయాయి, స్నేహితుడు మాత్రం పక్కనే ఉన్నాడు.

కోపానికీ ఓ బాణీ

చార్లెస్ మింగస్ ‘మింగస్ ఆ ఉమ్’ కాస్త ఘాటు. ఆ మార్చిలోనే కన్నుమూసిన సాక్సాఫోన్ దిగ్గజం లెస్టర్ యంగ్‌కు నివాళిగా చేసిన ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’ గుండెను మెలిపెడుతుంది. ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ మాత్రం వెక్కిరింత. 1957లో లిటిల్ రాక్ స్కూల్లోకి తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు అడుగుపెట్టకుండా సైనికుల్ని దింపిన గవర్నర్ ఫాబస్ మీద కట్టిన బాణీ అది. ఇందులో వాద్యాలే వినిపిస్తాయి. మాటలతో సహా మింగస్ దాన్ని 1960లో మరో కంపెనీకి రికార్డు చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే, మాటల్లేకుండానే వాద్యం ఎంత తిట్టగలదో తెలుస్తుంది.

చివరగా వినాల్సింది

ఆర్నెట్ కోల్‌మన్ ‘ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’ తొందరపడి వినకూడదు. ఇందులో పియానో లేదు. ఆయన చేతిలో ఉన్నది ప్లాస్టిక్ సాక్సాఫోన్, ఖరీదైనది కొనలేక తెచ్చుకున్నది. కుర్రతనంలో ఓ ఊళ్లో కచేరీ చేస్తే ఆయన్ని చితకబాది, వాద్యాన్ని ధ్వంసం చేశారు. అయినా తన బాణీ మార్చుకోలేదు. ‘లోన్లీ వుమన్’ వినండి. డ్రమ్స్ పరుగెడుతుంటే, పైన రాగం తీరిగ్గా శోకిస్తుంది. మొదటిసారి గజిబిజి, నాలుగోసారికి ఏడుపు వినిపిస్తుంది.

నాలుగూ వినడానికి మూడు గంటలు చాలు. కాకపోతే వంట చేస్తూనో పేపరు చదువుతూనో కాదు. వారానికొకటి, రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి. మొదటిసారి మొత్తంగా, రెండోసారి ఒక్క వాద్యాన్నే పట్టుకుని. నెల తిరిగేసరికి నాలుగింట్లో మీది ఏదో మీకే తెలుస్తుంది. మైల్స్ నచ్చితే ఆయన పక్కన సాక్సాఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబరులో చేసిన ‘ఎ లవ్ సుప్రీమ్’ వైపు వెళ్లొచ్చు. అది ఆయన దేవుడికి చేసుకున్న నివేదన. అయిదో రికార్డు అక్కణ్నుంచి తనంతట తనే ఇంటికొస్తుంది!