ఉక్కు ఫొటోకు పదును ఎంతవరకు?

విరిగిన యంత్రభాగం ఎందుకు విరిగింది? విద్యుత్ కేంద్రంలోని బాయిలర్ గొట్టం ఇంకెన్నాళ్లు మన్నుతుంది? జంషెడ్‌పూర్‌లో 1950లో ప్రారంభమైన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ వంటి సంస్థలు ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతుకుతాయి. ఈ వెతుకులాటలో ఒక ముఖ్య సాక్ష్యం, సూక్ష్మదర్శినితో తీసిన ఫొటో.

ఉక్కు ముక్కను అద్దంలా నునుపు చేసి, ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో తడిపితే, లోపలి రేణువుల సరిహద్దులు సన్నని గీతల్లా బయటపడతాయి. రేణువులు ఎంత చిన్నవైతే ఉక్కు సాధారణంగా అంత బలంగా ఉంటుంది. హాల్, పెచ్ అనే శాస్త్రవేత్తలు 1950ల తొలినాళ్లలో చూపిన సంబంధమిది. కాబట్టి ఫొటోలో రేణువులను కొలవడమంటే ఒక రకంగా ఉక్కు బలాన్ని అంచనా వేయడమే.

అయితే కెమెరా ఇచ్చేది నేరుగా ఫొటో కాదు. రంగుల కెమెరాల్లో ఎక్కువ వాటి సెన్సర్‌పై, కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రూపొందించిన రంగుల జల్లెడ ఉంటుంది. దీనికి 1976లో పేటెంట్ వచ్చింది. దీనివల్ల ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండింటినీ పక్క పిక్సెళ్లను బట్టి సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. కొలిచిన అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా నిలిచేది 'రా' ఫైలులో. 14 బిట్ల రా ఫైలు 16,384 వెలుగు స్థాయులను గుర్తించగలదు. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు మిగిలేవి 256 స్థాయులే.

ఆ తర్వాతి మెట్టు, పదును పెట్టడం. దీనికి ఎక్కువగా వాడే పద్ధతిలో, సాఫ్ట్‌వేర్ మొదట ఫొటోకు మసక నకలు తయారుచేస్తుంది. అసలుకూ నకలుకూ ఉన్న తేడాను పెంచి, తిరిగి అసలులో కలుపుతుంది. దాంతో అంచుకు ఒకవైపు మరింత నల్లగా, మరోవైపు మరింత తెల్లగా మారుతుంది. కన్ను దాన్ని స్పష్టత అనుకుంటుంది. నిజానికి కటకం పట్టుకోలేని వివరం ఏదీ కొత్తగా చేరదు.

మోతాదు మించితే ముప్పే. సరిహద్దు పక్కన పుట్టిన నల్లచారను పగులుగా పొరబడవచ్చు. చీకటి భాగాల్లోని నలతలు కూడా గీతల్లా పైకి తేలతాయి. రేణువులను కంప్యూటర్‌తో లెక్కిస్తే, ఆ దొంగ గీతలు ఒక పెద్ద రేణువును రెండు చిన్నవిగా చీల్చవచ్చు. అప్పుడు ఉక్కు ఉన్నదానికంటే బలమైనదిగా కాగితంపై కనిపిస్తుంది. గొట్టం బలం మాత్రం అంగుళమైనా పెరగదు.

అలాగని పదునును నిషేధించనక్కర్లేదు. పోస్టరుకో పాఠ్యపుస్తకానికో అది మేలే చేస్తుంది. కొలతకు మాత్రం పదును పెట్టని రూపాన్నే వాడాలి. నివేదికతో పాటు రా ఫైలునూ, ఏ సాఫ్ట్‌వేర్‌తో ఏమేం మార్చారో చెప్పే చిట్టానూ భద్రపరచాలి. అమెరికా నుంచి వెలువడే 'జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ' 2002 నుంచే తనకొచ్చే వ్యాసాల్లోని చిత్రాలను ప్రచురణకు ముందు తనిఖీ చేస్తోంది. మన ఇంజినీరింగ్ కళాశాలలు, పరీక్షా కేంద్రాలు కూడా ఇలాంటి క్రమశిక్షణను అలవాటు చేసుకోవాలి. సూక్ష్మదర్శినికి ఫోన్ ఆనించి ఫొటో తీసే విద్యార్థికి ఇది మరీ అవసరం. ఫోన్లు సాధారణంగా అడగకుండానే పదును పెట్టేస్తాయి.

ఫైలు దాచడానికి పట్టేది కాస్త డిస్కు చోటే. రేపు ఆ గొట్టం పగిలితే, ఉక్కులో అప్పుడేముందో తిరిగి చూడటానికి మిగిలేది ఆ ఫైలే.