గల్ఫ్ నుంచి వచ్చే గజ్జి: మందు ఒక్కరికి చాలదు

గల్ఫ్ దేశాలలో పని చేసి సెలవుపై వచ్చినవారు లేని ఊరు మన జిల్లాలో అరుదు. వారిలో కొందరిని సామానుతో పాటు గజ్జి కూడా వెన్నంటి వస్తున్నది. అక్కడి ఎండ పడలేదనో, నీళ్ళు పడలేదనో సరిపెట్టుకోవడం పరిపాటి. ఎండకూ గజ్జికీ సంబంధం లేదు.

గజ్జికి కారణం ఒక పురుగు. అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు, నడుము వద్ద దురద పుట్టి రాత్రివేళ ఎక్కువవుతుంది. ఒకే గదిలో పలువురు ఆనుకొని పడుకునే క్యాంపులలో ఇది సులువుగా అంటుకుంటుంది. రోజూ స్నానం చేసేవారినీ వదలదు. కనుక ఇది మురికివారి జబ్బు కాదు, ఇరుకు గదుల జబ్బు. సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. మొదటిసారి సోకినవారికి దురద మొదలు కావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. విమానం దిగిననాడు ఒంటిమీద ఏమీ కనిపించకపోవచ్చు. ఈలోగా భార్యాబిడ్డలకు అంటుతుంది. వారికి దురద పుట్టేనాటికి ఆయన సెలవు ముగిసి తిరిగి వెళ్ళిపోయి ఉంటాడు. కారణం ఎవరికీ తట్టదు.

అందుకే దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు వాడాలి. 5 శాతం పెర్మెత్రిన్ మందును రాత్రి మెడ నుంచి అరికాలి వరకు రాసుకొని, ఉదయం స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ రాయాలి. చంటిపిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడిగే వాడాలి. ఆ రోజే బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. పురుగు చచ్చినా కొన్ని వారాలు దురద ఉండవచ్చు, కంగారు పడనక్కరలేదు.

డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో కొనే స్టెరాయిడ్ పూతమందులతో దురద తగ్గినట్లనిపిస్తుంది గాని పురుగు చావదు. గోకిన పుండ్లు చీము పడితే పిల్లలకు మూత్రపిండాల జబ్బు కూడా రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. మన ఊళ్ళలో ఆ నిర్లక్ష్యం పోవాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చిన రోగికే కాక ఇంట్లో ఎందరుంటే అందరికీ మందు ఇవ్వాలి. అయిదుగురున్న ఇంట్లో ఒక్కరికే మందు ఇస్తే నెల తిరగకుండానే గజ్జి మళ్ళీ మొదటికి వస్తుంది.