చిప్పు లెక్కలు అందరియి, తాళంచెయ్యి మాత్రం అమెరికాది

2025 మే నెలల అమెరికా సర్కారు ఒక దెబ్బ కొట్టింది. సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ కంపెనీలు చైనాకు చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మకుండ ఆపింది. జులైల మళ్ల ఎత్తేసింది. మన దగ్గర ఎక్కువమంది పట్టించుకోలే. నాకైతే అప్పటిసంది ఒకటే ఫికర్: రేపు మనకు ఆపితే?

చిప్పు తయారు చెయ్యకముందే కంప్యూటర్ల నడిపి చూస్తరు. ఆ పనికి పునాది స్పైస్ అనే ప్రోగ్రాం. 1970లల్ల బర్క్‌లీ యూనివర్సిటీల పుట్టింది, నామమాత్రం ఖర్చుకే అందరికి పంచిన్రు. చిప్పు పెరిగినకొద్ది చిక్కొచ్చింది. అండ్ల తీగకు రెసిస్టెన్స్ ఉంటది, కెపాసిటెన్స్ ఉంటది. ముక్కలు ముక్కలుగ రాసుకుంటే లక్షల సమీకరణాలు. క్షణక్షణానికి అన్నీ మళ్ల లెక్కగట్టాలె.

ఇక్కడ్నే మోడల్ ఆర్డర్ రిడక్షన్ అక్కరకొస్తది. పేరుకు భయపడకున్రి. సబ్‌స్టేషన్ నుంచి మీ బాయికాడి మోటరు దాక లైనొస్తది. నడుమ ఏ స్తంభం కాడ ఎంత వోల్టేజి ఉన్నదో రైతుకెందుకు? అటు కరెంటేస్తే ఇటు ఎంతొస్తది, గదే కావాలె. అట్లనే లక్ష సమీకరణాల జాగల కొన్ని పదులే పెట్టి, కొసల కాడ దాదాపు అదే జవాబు తెప్పిస్తరు.

1990ల పిల్లేజ్, రోరర్ ఏడబ్ల్యూఈ అనే పద్ధతి తెచ్చిన్రు. లెక్క జల్ది అయితది గని, ఇంకింత ఖచ్చితం కావాలని సాగదీస్తే అంకెలు బెదురుతుండె. ఒక్కోపారి ఉత్త తీగలే కరెంటు పుట్టిస్తున్నట్టు చూపెడుతుండె. (గట్లయితే ఇగ జెన్‌కో ఎందుకు!) 1998ల కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రైమా ఈ రోగం కుదిర్చింది: చిన్నగ చేసిన నమూనా ఎన్నడూ సొంతంగ శక్తి పుట్టించది. దీని వెనకున్న లెక్క క్రైలోవ్ అనే రష్యా ఓడల ఇంజనీరుది, 1931 నాటిది. అయినా కథ ఒడువలే. చిప్పుల కరెంటు పంచే జాలిల వేల కొసలుంటయ్, కొస పెరిగినకొద్ది నమూనా గూడ ఉబ్బుతది. ఇంక పని మిగిలే ఉన్నది.

నా కోపం ఇక్కడ. ఈ పద్ధతులన్ని యూనివర్సిటీలల్ల, పత్రికలల్ల అచ్చయినయే. మనం మాత్రం వాటితోని కట్టిన పనిముట్లను కిరాయికి తెచ్చుకుంటున్నం. 2021 డిసెంబర్ల కేంద్రం సెమికండక్టర్లకు 76,000 కోట్లు ఒప్పుకున్నది. సీ-డాక్ చిప్‌ఇన్ సెంటర్ నుంచి కాలేజీలకు డిజైన్ సాఫ్ట్‌వేర్ అందుతున్నది, మంచిదే. కని ఆ లైసెన్సులు గూడ ఎక్కువ బయటి కంపెనీలయే. ఆ పైసలల్ల కొంతయినా అందరూ విప్పి చూసుకునే పనిముట్లు కట్టుడుకు పెట్టాలె.

వీఎల్‌ఎస్ఐ కోచింగ్ అని శానమంది అప్పు చేస్తున్నరు. అండ్ల శానా వరకు నేర్పేది బటన్లు నొక్కుడే. ఐఐటీ బాంబే ఫోసీ వాళ్ల ఈసిమ్ ఉత్తగనే దొరుకుతది, లోపల ఎన్‌జీస్పైస్ ఉంటది. ముందుగాల అండ్ల ఒక చిన్న తీగ గీసి నడిపి చూడున్రి. మాట్రిక్స్ పాఠం పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసినోళ్లు, ఆ పుస్తకం మళ్ల బయటికి తియ్యున్రి.