చెరువు సిరికి.. నదే మూలం!

కైకలూరు: కొల్లేరు పరిసర చెరువుల్లో సింహభాగం రోహుదే. స్థానికులు శీలావతిగా పిలిచే ఈ చేప ఐసు ప్యాకింగుతో లారీలకెక్కి పశ్చిమ బెంగాల్, అస్సాం మార్కెట్లకు తరలుతోంది. ఇంత విస్తారంగా పెరుగుతున్నా, మామూలు చెరువులో అది తనంతట తాను గుడ్లు పెట్టదు. సాగు భవితకు ఈ లక్షణమే కీలకమవుతోంది.

వరద వస్తేనే సంతానం

గంగ, బ్రహ్మపుత్ర, సింధు నదీ వ్యవస్థలు రోహుకు సహజ నివాసాలు. దక్షిణాది నదుల్లోకి దీనిని తరువాతి కాలంలో తెచ్చారు. నైరుతి రుతుపవనాల వేళ నది పొంగి తీర మైదానాలను ముంచెత్తినప్పుడు అది గుడ్లు విడుస్తుంది. నిలకడ నీటిలో ఆ ప్రేరణ ఉండదు. అందువల్ల పూర్వం నదుల్లో పట్టిన పిల్లలే సాగుకు ఆధారం. వాటిలో పనికిరాని జాతులూ కలిసి వచ్చేవి.

సూదిమందుతో మలుపు

1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూది ద్వారా ఎక్కించి, కార్పు జాతి చేపలచేత గుడ్లు పెట్టించింది. ఆ రోజునే ఏటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. అనంతరం హేచరీలు విస్తరించాయి. ఇక నదితో పని లేదన్న భావన బలపడింది.

బలహీనపడుతున్న వంశం

చిక్కు అక్కడే మొదలైంది. ఒక్కో ఆడ రోహు లక్షల గుడ్లు పెడుతుంది కనుక కొద్దిపాటి తల్లి చేపలతోనే హేచరీ అవసరం తీరుతుంది. వాటి సంతానాన్నే తిరిగి తల్లి చేపలుగా వాడితే రక్తసంబంధం దగ్గరై ఎదుగుదల మందగిస్తుంది, వ్యాధులను తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. కర్ణాటక హేచరీలపై 1990లో వెలువడిన అధ్యయనం ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపింది. పిల్ల అమ్ముడుపోయాక నష్టభారమంతా మేతకు, కౌలుకు అప్పు తెచ్చిన రైతుపైనే పడుతుంది.

పరిష్కారమూ అక్కడే

భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో నార్వే సహకారంతో మేలిరకం రోహు రూపకల్పన చేపట్టింది. అందుకు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలనే సేకరించింది. ఫలితంగా వచ్చిన 'జయంతి' రోహు తరానికి సగటున 17 శాతం మేర అధిక ఎదుగుదల కనబరిచింది.

ఆనకట్టలు, కాలుష్యం, పిల్ల చేపల వేట మూలంగా నదిలోని ఈ నిధి కుంచించుకుపోతే, రేపటి మేలిరకాలకు ముడిసరుకే కరవవుతుంది. హేచరీల్లో తల్లి చేపల పుట్టుపూర్వోత్తరాలు నమోదు చేయించడం, వాటిని క్రమంగా మార్పించడం ప్రభుత్వ బాధ్యత. పిల్ల కొనేముందు ధరతోపాటు తల్లి చేపల మూలాన్నీ ఆరా తీయడం రైతుకే మేలు.