ల్యాప్‌టాప్ వేడి మన సబ్జెక్ట్ కాదా?

మొన్న హాస్టల్లో ప్రాజెక్ట్ కోడ్ రన్ చేస్తుంటే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోలేనంత కాలింది. "అది ఈసీఈ వాళ్ళ గొడవరా, మనకెందుకు" అన్నాడు రూమ్మేట్. నిన్నమొన్నటి దాకా నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు ఒప్పుకోను.

తీగలో ఎలక్ట్రాన్లు గుద్దుకుంటూ కదులుతాయి, అందుకే వేడి. మరి ఎలక్ట్రాన్లు చోటు మారకుండానే సమాచారం వెళ్తే? గాలి వీచినప్పుడు వరిచేను చూడండి. అల ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పరుగెడుతుంది, ఒక్క దుబ్బు కూడా కదిలి వెళ్ళదు. అయస్కాంతంలో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు కూడా అలాగే ఒకదాని వెంట ఒకటి ఊగుతాయి. అదే స్పిన్ వేవ్. 1930లోనే ఫెలిక్స్ బ్లాక్ ఈ సంగతి చెప్పాడు.

ఆ అలని కరెంటుతో అదుపు చేయొచ్చు. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు సన్నటి నికెల్-ఇనుము పట్టీలో కరెంటు పంపితే స్పిన్ వేవ్ ఫ్రీక్వెన్సీ మారింది. పారే కాలువలో అలని నీళ్ళు మోసుకుపోయినట్టే. 2010లో జపాన్ వాళ్ళు ప్లాటినం పొరలో కరెంటు పెట్టి, దాని కింద ఉన్న వైఐజీ అనే అయస్కాంతంలో అలలు పుట్టించారు. వైఐజీలో కరెంటే పారదు!

అలాగని "వేడి లేని కంప్యూటర్ వచ్చేస్తోంది" అంటే నమ్మకండి. ప్లాటినంలో పారే కరెంటు వేడి పుట్టిస్తుంది. అల కూడా దూరం వెళ్ళేకొద్దీ నీరసించిపోతుంది. మొత్తం లెక్క వేస్తే నిజంగా ఎంత మిగులుతుందన్నదే అసలు ప్రశ్న.

ఆ లెక్కలో మనకీ పని ఉంది. అల ఫేజ్‌ని సున్నా, ఒకటిగా తీసుకుని మూడు అలల్ని కలిపితే, రెండు ఓట్లు ఎటుంటే ఫలితం అటే. అంటే మెజారిటీ గేట్. ఒక ఇన్‌పుట్‌ని సున్నా దగ్గర కట్టేస్తే ఆండ్ గేట్, ఒకటి దగ్గర కట్టేస్తే ఆర్ గేట్. ఇది మనం ఫస్టియర్‌లో చదివిందే కదా! తక్కువ గేట్లతో, తక్కువసార్లు కరెంటు వాడేలా సర్క్యూట్ అల్లడం అల్గారిథమ్ పని. అది ఫిజిక్స్ వాళ్ళ మీద తోసేస్తే ఎలా?

అందుకే వచ్చే సెమిస్టర్ ఎలక్టివ్‌గా ఫిజిక్స్ పెట్టుకుంటున్నా. సీజీపీఏ కాస్త తగ్గొచ్చు, భయంగానే ఉంది. కానీ నేను రాసే ప్రతి లైనూ ఎక్కడో వేడిగా మారుతోందని తెలిశాక, నాకు సంబంధం లేదని ఎలా అనను?